పచ్చడి ఓడెక్కింది

‘దారిలో ఉన్నా’ అనే అబద్ధాన్ని దేవుడు పాపాల్లో కలుపుతాడా, వదిలేస్తాడా అన్న అనుమానం తెనాలి బసవేశ్వరరావుకు ముప్పై ఏళ్లుగా ఉంది.

దానికి కారణం తాతలు. ఆయన తాత, రేపల్లెలో శివనాగరాజు వాళ్ల తాత కలిసి నిజాంపట్నం రేవు నుంచి ఓడల్లో బియ్యం పంపేవారు. ఒకసారి రేపల్లె తాత ‘బస్తాలు ఓడెక్కాయి’ అని కార్డు రాశాడు. తెనాలి తాత వెళ్లి చూస్తే బస్తాలు కొట్లోనే ఉన్నాయి. అక్కడికక్కడే పొత్తు తెంచుకుని, జోరువానలో ఆ రేపల్లె తాత గొడుగే వేసుకుని వచ్చేశాడు. ఆ గొడుగు ఇప్పటికీ అటక మీదే ఉంది.

మనవళ్లు మళ్లీ కలిశారు. బసవేశ్వరరావు తెనాలిలో నిమ్మకాయలు కొని పంపితే, శివనాగరాజు రేపల్లెలో పచ్చడి పట్టిస్తాడు. మొదటి కంటైనరు కొన్న సింగపూర్ కార్తీక్ ముందే చెప్పాడు. “సరుకు ఎక్కడుంటే అక్కడుందని చెప్పండి అంకుల్. నిజం చెబితే ఐదేళ్ల ఒప్పందం. అబద్ధం చెబితే ఇదే ఆఖరు.”

మంగళవారం పొద్దున పూజ ముగించి, టిఫిన్ తినేలోపు సంగతి తేల్చేద్దామని బసవేశ్వరరావు ఫోన్ చేశాడు.

“చెన్నై రేవు చేరిందండి బావగారూ,” అన్నాడు శివనాగరాజు.

రేవు చేరింది ఓడెక్కక ఏం చేస్తుందని, ఆయన కార్తీక్‌కు ‘ఓడెక్కింది’ అని చెప్పేశాడు.

మర్నాడు ఆయన భార్య తులసి పులిహోర కలిపి వీధంతా పంచుతుండగా కార్తీక్ ఫోన్ చేశాడు. ఓడ తుఫానులో చిక్కుకుంది. కంటైనర్లు సముద్రంలో పడిపోయాయి.

ఓడ బయల్దేరినందుకు కలిపిన పులిహోరనే తులసి పరామర్శకు వచ్చినవాళ్లకూ పెట్టింది. పక్కింటి కోటేశ్వరమ్మ రెండోసారి పెట్టించుకుని, “మూతలు గట్టివైతే సీసాలు తేలతాయి అన్నయ్యా. సూర్యలంక ఒడ్డుకే కొట్టుకొస్తాయి,” అంది. మధ్యాహ్నానికి సగం వీధి ఆమె వెంట బకెట్లతో బాపట్ల బస్సెక్కింది.

సాయంత్రం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. “సముద్రం దాకా పోనక్కర్లేదు అన్నయ్యా. నీ పచ్చడి లారీ ఇక్కడే, బాపట్ల మెకానిక్ షెడ్డులో చక్రాలూడదీసుకుని ఉంది.”

వ్యాపారులిద్దరూ పరుగున వెళ్లారు. లారీ కింద డ్రైవర్ లూకా నిద్రపోతున్నాడు.

“యాక్సిల్ విరిగిందండి. గంటలో అయిపోద్దన్నాడు మేస్త్రి. గంటే కదాని నెల్లూరు దాటానన్నా.”

“నెల్లూరు దాటినోడు చెన్నై చేరడా అని నేను...” శివనాగరాజు నసిగాడు. తర్వాత గొంతు తగ్గించి, “మునిగిందనే ఊరుకుందామా బావగారూ? ఇన్సూరెన్సన్నా వస్తుంది,” అన్నాడు.

“శివ శివా,” అని బసవేశ్వరరావు చెంపలు వేసుకుని కార్తీక్‌కు ఫోన్ కలిపాడు. “సరుకు ఓడెక్కలేదు నాయనా. బాపట్లలో ఉంది.”

“బాధలో అలాగే అనిపిస్తుంది అంకుల్. కాస్త మంచినీళ్లు తాగండి.”

చివరికి వీడియోలో లారీని, పచ్చడి సీసాలను, లూకాను వరసగా చూపించాల్సి వచ్చింది. ఐదేళ్ల ఒప్పందం కళ్లముందే పోతున్నట్టనిపించి బసవేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు.

“నిజం చెప్పిన మిగతా ముగ్గురు వ్యాపారుల సరుకూ సముద్రంలో ఉంది,” అన్నాడు కార్తీక్. “పచ్చడి మిగిలింది మీ ఒక్కరి దగ్గరే. ఒప్పందం పంపిస్తాను. కానీ ఇకమీదట లారీకి జీపీఎస్ పెట్టిస్తాను. మిమ్మల్ని మాత్రం ఏదీ అడగను.”

తిరుగుదారిలో శివనాగరాజు అన్నాడు. “తాతల బస్తాలూ ఇలాగే మిగిలాయి కదండీ. ఆ ఓడ నాలుగో రోజునే మునిగింది. మీ తాతగారు చెప్పలేదా?”

తాత వాన గురించి చెప్పాడు, గొడుగు గురించి చెప్పాడు. ఓడ మునిగిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం బసవేశ్వరరావు అటక మీంచి గొడుగు దించాడు. ఎక్కడున్నారని శివనాగరాజు ఫోన్ చేస్తే, తెనాలి ఇంట్లో రెండో చెప్పు వెతుక్కుంటూ, “రేపల్లె వచ్చేశాను,” అన్నాడు.

రెండు గంటల తర్వాత గొడుగు రేపల్లె చేరింది. శివనాగరాజు కళ్లకద్దుకుని విప్పాడు. బట్టను చెదలు ఎప్పుడో తినేశాయి.

“బాగానే ఉందండి బావగారూ,” అన్నాడు, ఊచల మధ్య నుంచి ఆకాశం చూస్తూ.