రెండున్నర సైజు

పొద్దున ఏడు గంటల బస్సుకు పెనుకొండలో ఎక్కి ధర్మవరం పోవాలి. పెళ్లికూతురు స్వాతికి గాజులు తొడిగి, తను స్వయంగా అల్లిన పూసల బ్రేస్‌లెట్‌ను ఆ పిల్ల చేతికి పెట్టాలి. పదకొండుకల్లా తిరుగు బస్సు ఎక్కాలి. గాజుల దస్తగిరమ్మ వేసుకున్న ప్లాను ఇంతే. నష్టం వచ్చే చోటు ఇందులో ఆమెకు ఎక్కడా కనబడలేదు.

ఆ బ్రేస్‌లెట్ వెనుక పంతం ఉంది. హిందూపురం సంతరోజున ఆమె గాజుల బుట్ట దించేది విజయ్ కుమార్ ఫ్యాన్సీ స్టోర్ మెట్ల పక్కన. పన్నెండేళ్లుగా అది ఆమె చోటు. కూతురు షాహిస్తా ఫోనులో చూసి పూసల అల్లిక నేర్చుకుని తల్లికీ నేర్పితే, తన మొదటి ముక్కను దస్తగిరమ్మ అతనికే చూపించింది. అతను నవ్వాడు.

"ఇది గాజులు తొడిగే పని కాదు దస్తగిరమ్మా. డిజైను. నీతో కాదు."

"కాదా? మగ్గం కుళ్ళాయప్ప కూతురి పెండ్లికి పూలజడ సెట్లు ఎత్తుకోని నువ్వూ వస్తావు గదా! ఆ పాప చేతికి నా బ్రేస్‌లెట్ ఉంటాది, సూడు. ల్యాకుంటే ఇంగ నీ అంగడి ముందర నా బుట్ట దించను!"

సంత నడుమ, పదిమంది వింటుండగా అన్న మాట. వాపసు తీసుకునే సరుకు కాదు.

పెళ్లిచీర రంగుకు సరిపోయే ఆకుపచ్చ చిట్టిపూసలు, మధ్యమధ్య ఎర్ర క్రిస్టల్స్ కొన్నది. సన్న సూదితో, నైలాను దారంతో రెండుసార్లు అల్లి విప్పి, మూడోసారికి నిలబెట్టింది.

"స్వాతక్క మణికట్టు ఎంతుండాదో టేపు పెట్టి సూసినావా మా?" అంది షాహిస్తా.

"నాకు టేపా? ముప్పై ఏండ్లుగా ఊరూరి చేతులన్నీ పిసుకుతాండా. ఆ పాపది రెండున్నర సైజు."

గాజుల లెక్కలో అది నిజమే. గాజు అరచేయి దాటాలి కాబట్టి గాజులవాళ్లు అరచేతిని నొక్కి సైజు చెబుతారు. మగ్గం మీద పెరిగిన స్వాతికి అరచేయి వెడల్పు, మణికట్టు సన్నం. కొక్కెం ఉన్న బ్రేస్‌లెట్ అరచేయి దాటనక్కరలేదు, నేరుగా మణికట్టు మీద కూర్చుంటుంది. ఈ తేడా దస్తగిరమ్మకు పెళ్లింట్లోనే తెలిసింది. స్వాతి చెయ్యి ఎత్తితే బ్రేస్‌లెట్ మోచేతి దాకా పోయింది. దించితే వేళ్ల మీదుగా జారి పసుపు గిన్నెలో పడింది.

"కొలత తప్పింది మా," వెంట వచ్చిన షాహిస్తా గొణిగింది.

"కొలత తప్పలే. చెయ్యి సన్నం."

విప్పి కుదిద్దామంటే అంతా ఒకే దారం. ఒకచోట తెంపితే మొత్తం రాలుతుంది. అవతల విజయ్ కుమార్ పూలజడల పెట్టె మీద చేతులు ఆనించి చూస్తున్నాడు. ఆ చూపు ముందు తల దించడం ఇష్టం లేక దస్తగిరమ్మ గట్టిగా, "కొక్కెం పరీక్ష చేస్తాండా!" అని ప్రకటించి, పక్కనున్న ఆమె చెయ్యి లాగి బ్రేస్‌లెట్ పెట్టి తీసింది.

పెళ్లింట్లో గాజులామె ఒకరి చెయ్యి పట్టుకుందంటే అందరికీ తొడుగుతుందనే లెక్క. నిమిషంలో వరస కట్టారు. మాట అన్నాక పరీక్ష ఆపడానికి లేదు. నాలుగో చెయ్యికి బ్రేస్‌లెట్ పోతపోసినట్టు కూర్చుంది. ఆ చెయ్యి మడకశిర నుంచి వచ్చిన నీలావతిది. పెళ్లికొడుకు తల్లి. కాఫీ చల్లగా ఉందని పొద్దుటి నుంచీ మూతి ముడుచుకున్న మనిషి.

"నాకా ఇది? శానా చెన్నాగుండాదే!" అని ఆమె మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు చూసి కుళ్ళాయప్పకు ప్రాణం లేచొచ్చింది. "మీకే వదినా! మీ కోసమే చేయించినాం!"

నీలావతి వెనకాల ఎనిమిది మంది ఆడబిడ్డలు, తోడికోడళ్లు. "మరి మాకో?"

"అందరికీ! మన విజయ్ కుమార్ ఉన్నాడు గదా, ఇస్తాడు," అనేశాడు కుళ్ళాయప్ప.

విజయ్ కుమార్ ముందు దస్తగిరమ్మ దగ్గరికి వచ్చాడు. "పాప చేతికి నీ బ్రేస్‌లెట్ ల్యాదు. మాట గుర్తుండాదా?"

"ఉండాది. దించను పో!" అంది ఆమె. పన్నెండేళ్ల చోటు పోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

అతను గెలిచిన మనిషిలా పెట్టె తెరిచి, పూలజడల అడుగున ఉన్న, రబ్బరుదారానికి గుచ్చిన బ్రేస్‌లెట్లు పంచాడు. మొదటిది సాగదీసి ఒకామె చేతికి ఎక్కించగానే టప్పుమని తెగింది. పూసలు కుర్చీల కింద దొర్లాయి.

"ఇదేమబ్బా, రబ్బరు!" నీలావతి లేచింది. "నాదాని మాదిరే కావల్ల, చేత్తో అల్లింది. దుడ్లు ఎంతైనా కానీ. ఇయ్యలేకుంటే నీ పూలజడలూ ఎత్తుకోని నడువు!"

పది నిమిషాల తర్వాత విజయ్ కుమార్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతులు కట్టుకుని. "దస్తగిరమ్మా, ఎనిమిది కావల్లంట. స్వాతికి చిన్నదొకటి. నీ బుట్ట ఎప్పటిమాదిరే మెట్ల కాడ పెట్టుకో తల్లీ."

"అదెట్లప్పా? మాటంటే మాటే. నీ అంగడి ముందర దించను."

"మరి?"

"లోపల దించుతా. గల్లాపెట్టె పక్కన, ఫ్యాను కింద."

తర్వాతి సంతరోజు నుంచి ఆమె బుట్ట అక్కడే ఉంటోంది. గాజుల అడుగున కొత్త కొలత టేపు ఒకటి ఉంది. ఎవరైనా అడిగితే, అది షాహిస్తాది అంటుంది.