రెండు రెక్కలూ విరిగిన పిట్ట

ఇసుకలో కాసేపు నడిచి, పిట్టలను చూసి, పులిహోర తిని, ఎండ ముదరకముందే పటమటలో ఇల్లు చేరాలన్నది ఆ ఆదివారం దుర్గాప్రసాద్ వేసుకున్న పథకం. వేసవికి ఎండిన కృష్ణానది ఇసుకమేటలకు "ఎడారి" అని పేరు పెట్టి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరినీ పిలిచాడు. వచ్చింది ఇద్దరే. ఎదురు ఫ్లాటు శివపార్వతిగారు పులిహోర కోసం వచ్చారు. అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటకృష్ణారావుగారు తప్పులు పట్టడానికి వచ్చారు.

"ఎడారన్నారు, అటు గేదెల్ని కడుగుతున్నారేంటండీ?" అన్నారాయన కారు దిగుతూనే.

దుర్గాప్రసాద్ మొహం మాడింది. ఈ నడక బాగుంటే నెలనెలా పెట్టిస్తామని, అది తనకే అప్పగిస్తామని కమిటీ చెప్పింది. బెడిసికొడితే ప్రెసిడెంటుగారు లిఫ్టులో కనబడ్డప్పుడల్లా గుర్తు చేస్తారని అతని భార్య సుధామణికి తెలుసు. అందుకే గబగబా చాప పరిచి, గొడుగు పాతి, క్యారేజీ దించింది.

అంతలో చాప పక్కనుంచి ఒక పిట్ట లేచింది. పిచ్చుకంత ఉంది, మెడకు నల్ల పట్టెడ. నాలుగడుగులు పరుగెత్తి, ఎడమ రెక్క ఈడ్చుకుంటూ ఇసుకలో పడి కీచుమంది.

"అయ్యయ్యో, రెక్క విరిగిందండీ!" అన్నారు శివపార్వతిగారు.

"మీ చాప తగిలుంటుంది," అన్నారు వెంకటకృష్ణారావుగారు. "పక్షుల్ని చూపిస్తానని తీసుకొచ్చి చంపారని పెట్టమంటారా గ్రూపులో?"

దుర్గాప్రసాద్ తువ్వాలు పట్టుకుని ఉరికాడు. చేతికి అందబోయేసరికి పిట్ట లేచి, ఇంకాస్త అవతల పడింది. మళ్లీ ఉరికాడు. వెనక మిగతా ముగ్గురూ. పరుగులోనే పామర్రులో పశువుల డాక్టరైన బావమరిది చిట్టిబాబుకు ఫోను చేశాడు.

"నేను గేదెల డాక్టర్ని కదా బావా! సరే, నిలబడుతోందా?"

"పరుగెడుతోందయ్యా!"

"గేదైతే అది మంచి లక్షణమే."

ఇసుక కాలుతోంది. ప్రెసిడెంటుగారి చెప్పు తెగింది. ఆయన ఒంటికాలి మీద గెంతుతూనే ఇదంతా మీటింగులో పెడతానంటున్నారు.

"ఏమండీ," అంది సుధామణి, "ఇందాక ఎడమ రెక్క కదా? ఇప్పుడు కుడిది ఈడుస్తోంది."

"రెండోది కూడా విరిగిందా!" దుర్గాప్రసాద్ తువ్వాలు విప్పి మళ్లీ ఉరికాడు.

సుధామణి ఆగింది. వెనక్కి చూస్తే గొడుగు బొత్తామంత కనిపించింది. ఏదో తట్టి చాప వైపు నడిచింది. అంతే, రెండు రెక్కలూ విరిగిన పిట్ట దుర్గాప్రసాద్ నెత్తిమీదుగా దూసుకొచ్చి, ఆమె ముందు వాలి, మళ్లీ రెక్క విరుచుకుంది.

ఆమె కాలు కదపకుండా కింద వెతికింది. క్యారేజీకి జానెడు దూరంలో, ఇసుక రంగులోనే నాలుగు గుడ్లు.

"ఎవరూ రాకండి! గుడ్లున్నాయి!"

ప్రెసిడెంటుగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచారు. సుధామణి ఊపిరి బిగబట్టి క్యారేజీ తీసింది, చాప లాగింది, గొడుగు పీకింది, చూసి చూసి అడుగులేస్తూ దూరం జరిగింది. పిట్ట రెక్కలు రెండూ చక్కగా ముడుచుకుని, వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.

ప్రెసిడెంటుగారు ఎత్తిన కాలు మెల్లగా దించారు.

"మీటింగని పిలిస్తే మనవాళ్లు మొదటి అంతస్తు నుంచి కూడా దిగరండీ," అన్నారు చివరికి వెంకటకృష్ణారావుగారు. "గుప్పెడంత పిట్ట, గుడ్ల కోసం లేని దెబ్బ నటించి మనల్ని ఇంతదూరం పరుగెత్తించింది! ప్రసాద్‌గారూ, వచ్చే నెలా పెట్టండి. నేనొస్తా."

ఆ సాయంత్రం క్యారేజీ గిన్నెలు తోమమంటే, కుడి భుజం పట్టేసిందని దుర్గాప్రసాద్ మూలిగాడు.

"కారు దిగినప్పుడు ఎడమదన్నారు," అంది సుధామణి.