పైనున్నది ముందు దించాలి

ఆ రోజు సరంగు వేసుకున్న లెక్క చిన్నదే. పొద్దున చిన్నరేవులో గొడుగులు, మధ్యాహ్నం పెద్దరేవులో పరుపులు దించి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. రెండూ గోనెపట్టాలో కుట్టిన మూటలే. ముందు దించేది పైన పెట్టడం పడవ ధర్మం. చిన్నరేవులో పైనున్నవి దించాడు. గొడుగుల షావుకారి కూలీలు మోసుకుపోయారు.

నిద్ర సుఖమెరగదంటారు. సరంగు బావమరిది నిద్ర మాత్రం బాగా ఎరుగును. పొద్దున పడవ ఇంటిరేవు నుంచి కదలకముందే గొడుగుల మూటలు అడుగుకి తోసి, మెత్తటివి పైకి లాక్కుని పడుకున్నాడు.

పెద్దరేవులో కొత్త లాడ్జి యజమాని మూట విప్పాడు.

"ఏమయ్యా సరంగూ, నా లాడ్జికొచ్చినోళ్లు గొడుగులు పరుచుకుని పడుకోవాలా?"

సరంగు బావమరిది వైపు చూశాడు.

"చిన్నరేవు దాటాక లేచేసరికి వీపులో గొడుగులు గుచ్చుకుంటున్నాయి బావా. అప్పుడే అనుమానమొచ్చింది."

"మరి చెప్పవేంరా?"

"నువ్వు పనిలో ఉన్నావు కదాని మళ్లీ పడుకున్నా."

"తప్పు రేవులో దించితే నష్టం పడవదే. ఒప్పుకునే ఎక్కించావు," అన్నాడు యజమాని. "రాత్రికి పరుపులు రాకపోతే నీ పడవ నాది."

ఆ పడవ తప్ప సరంగుకి వేరే ఆధారం లేదు. గొడుగులు అక్కడే వదిలి పడవ వెనక్కి తిప్పాడు.

చిన్నరేవులో షావుకారు తనకొచ్చిన తప్పు సరుకును అంగడి వసారాలో పరిచి ఊరందరికీ చూపించాడట. చూడ్డానికొచ్చినవాళ్లు కాసేపని నడుం వాల్చారు. బజారు బజారంతా గుర్రు పెడుతోంది. బావా బావమరుదులు ఒక్కొక్కరినీ దొర్లించి పరుపులు లాగారు. చివరి పరుపు మీద ముసుగేసుకున్న మనిషి ఎంతకీ కదలలేదు.

"మోసేద్దాం బావా, పడవలో లేపుదాం," అన్నాడు బావమరిది. తీరా పడవెక్కాక తనూ ఆ పక్కనే ఒరిగాడు.

పెద్దరేవులో కుండపోత. లాడ్జి పైకప్పు జల్లెడలా కారుతోంది. కింద అతిథులు గొడుగులు వేసుకుని దర్జాగా కూర్చున్నారు. యజమాని ఎదురొచ్చి సరంగు చేతులు పట్టుకున్నాడు.

"నా పరువు నిలబెట్టావయ్యా. గొడుగులు లేకపోతే ఒక్కడూ ఆగేవాడు కాదు. అవి కూడా నేనే కొంటా. పడవ ఊసు మర్చిపో."

సరంగు ఊపిరి పీల్చుకున్నాడు. చివరి పరుపు లాడ్జి వసారాలో దించగానే ముసుగు తొలగింది. గొడుగుల షావుకారు లేచి కూర్చుని, తన గొడుగుల కింద ఉన్న జనాన్నీ, ముక్కూ మొహం తెలియని వీధినీ చూశాడు.

"ఇది ఏ రేవయ్యా?"

గొడుగులకి బేరం కుదిరింది, పరుపులు చేరవలసిన చోటికి చేరాయి. తప్పు రేవులో దిగిన సరుకు ఇక ఒక్కటే మిగిలింది, అది స్వయంగా నష్టం అడుగుతోంది.