అక్షరాలకు దండం పెట్టించే బొమ్మ

విద్య నేర్పే బొమ్మ పిల్లలకు విద్య నేర్పనే కూడదు! ఈ మాటకు పాఠకులు నన్ను తిట్టదలిస్తే కాస్త మెల్లగా తిట్టండి. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. కాగితం ముందైతే సిగ్గు లేదు.

మా చిన్నాయన వైకుంఠం మాదన్నపేటలో పాల వ్యాపారి. పల్లెబడి చదువు ముగిసిన నన్ను, పైచదువు చెప్పిస్తానని పట్నం తీసుకొచ్చారు. వచ్చిన నాటి నుంచి ఆయన పిల్లలిద్దరినీ ఆడిస్తున్నాను.

"వీండ్లు సొంతంగ ఆడుకునుడు నేర్వనియ్యి బిడ్డా, తెల్లారే నిన్ను బడిల షరీకు చేస్త" అన్నారు.

అందుకోసం ఆయనే ఒక బొమ్మ ఆలోచించి, అఫ్జల్‌గంజ్ వడ్రంగితో చెక్కముక్కలు కోయించారు. ముక్కకొక అక్షరం, ఎర్రరంగులో. పిల్లలు వాటిని పేర్చుకుంటూ చదువు నేర్చేసుకోవాలి! ఎంత మోడరన్ ఐడియా!

మొదటి రోజే పిల్లవాడి కాలు 'క' మీద పడింది.

"అయ్యో, సరస్వతిని తొక్కినవ్ రా! కండ్లకద్దుకో!" అని నాయనమ్మ మాణిక్యమ్మ కేక వేసింది.

అద్దుకోవడానికి వంగితే మోకాలు 'గ' మీద పడింది. దానికీ దండం. లేవబోతే మడమ 'చ' మీద! ఆట ఇదే కాబోలనుకుంది వాడి చెల్లెలు. అక్షరాలన్నీ నేలమీద పరిచి, ఒక్కొక్కదాన్నీ శ్రద్ధగా తొక్కి మరీ దండం పెట్టసాగింది.

ఏ జపాను బొమ్మ పిల్లలను ఇంతసేపు మరిపిస్తుంది? ఇందులో ఎక్సర్‌సైజు ఉంది, భక్తి ఉంది, వినయం ఉంది. అక్షరం ముక్క రాకపోతేనేం? పెద్ద పెద్ద ప్రొఫెసర్లలో ఈ మూడూ ఎందరికున్నాయి?

పిల్లలు సొంతంగా ఆడుకుంటున్నారు కదా అని నేను బడికి కట్టుకుపోయే ఓణీ ఉతికి ఆరేసుకున్నాను.

సాయంత్రానికి నాయనమ్మ తీర్పు చెప్పింది. "అక్షరాలు కాళ్ళకింద ఉండుడేంది? పాపం గాదు?" చెక్కలన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుని గూట్లోకి ఎక్కించింది. పిల్లలు లొల్లి మొదలుపెట్టారు.

తలుపు చాటు నుంచి అడిగాను: "చిన్నాయినా, మరి నా బడి?"

"తలుపు సందుల నిలబడి మాట్లాడేదానివి, బడికి పోయి ఏం జేస్తవే?" అని నాయనమ్మ నవ్వింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇంకో మంచి బొమ్మ సోచాయిస్తున్న. గప్పటిదాంక వీండ్లను జర ఆడియ్యి" అన్నారు చిన్నాయన.

పాఠకులారా, ఆయనకు అంత శ్రమ ఎందుకు? పిల్లలను పొద్దంతా ఆడించే బొమ్మ ఇంట్లో ఉండనే ఉంది! అది పాటలు పాడుతుంది, చంకనెత్తుకుంటుంది, ముక్కులు తుడుస్తుంది. అక్షరాలు కూడా తప్పుల్లేకుండా చెబుతుంది. లోపం ఒక్కటే: ఆ బొమ్మకు చదువుకోవాలని ఉంది.