తలుపు మీద లేని భార్య

…కాబట్టి, ఈ దేశంలో ప్రేమంటే ఏమిటో నిజంగా తెలిసినవాళ్లు ఆరోగ్య బీమా ఆఫీసువాళ్లే!

ఫోల్క్‌మార్ హెస్సెల్‌బార్ట్ ఈ తీర్మానానికి వచ్చేసరికి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వంటింటి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫోనులో ఎవరో పిల్లనగ్రోవి వాయిస్తున్నారు. మధ్యమధ్యలో ఒక ఆడగొంతు వచ్చి, "మీ కాల్ మాకెంతో విలువైనది" అని చెప్పి వెళ్తోంది. ఆ వారంలో అతనితో అంత తీయగా మాట్లాడిన ఆడది ఆవిడొక్కతే.

నవ్వకండి. కాస్త ఆలోచించండి. పెళ్లికూతురి ఊరైన కుటాయిసిలో పెళ్లి రిజిస్ట్రారు అతన్ని ఏమడిగాడు? "ఈమెను చేసుకోవడం మీకు ఇష్టమేనా?" అన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న! అదీ ఫోల్క్‌మార్‌కి ముక్క రాని జార్జియా భాషలో! పక్కనున్న అనువాదకుడు మోచేత్తో పొడిస్తే ఔనన్నాడు. అయిపోయింది. పాత సైకిలు కొనేటప్పుడు కూడా అతను అంతకన్నా ఎక్కువ ప్రశ్నలు వేస్తాడు.

పోనీ, కన్నతల్లి? "ఆ పిల్ల బంగాళాదుంపలు తింటుందా?" అని అడిగింది. తింటుందని తెలిశాక నిశ్చింతగా ఫోను పెట్టేసింది.

బీమావాళ్లు అలా వదిలేశారా? "మా ఆవిడను కూడా నా పాలసీలో చేర్చుకోండి" అని అతను అడగటమే ఆలస్యం, తమ్తా లోమ్తతీద్జె అనే మనిషి పుట్టుపూర్వోత్తరాల మీద విరుచుకుపడ్డారు. ఎక్కడ పుట్టింది? ఏం సంపాదిస్తోంది? అద్దెకిచ్చిన ఇల్లేమైనా ఉందా? ఇంతకుముందు ఎవరి బీమాలో ఉండేది? అందులోంచి ఎందుకు బయటికొచ్చింది? సంబంధం చూడవచ్చిన మేనత్తలు కూడా ఇంత శ్రద్ధ పెట్టరు!

ఆ పుణ్యాన కదా, ఆమె కుటాయిసి బొమ్మలాట థియేటరులో బొమ్మలకు బట్టలు కుట్టేదని అతనికి తెలిసింది! అంతవరకు ఆమె థియేటరులో ఉద్యోగం అంటే నటి అనుకున్నాడు. నటిని పెళ్లి చేసుకున్నానని ఆఫీసులో చెప్పుకున్నాడు కూడా.

పెళ్లి సర్టిఫికెట్‌కి అనువాదం కావాలన్నారు. ఇచ్చాడు. దాని మీదున్న ముద్రకి అనువాదమేదీ అన్నారు. అదీ ఇచ్చాడు. అనువాదం మీద అనువాదకుడి ముద్ర ఏదీ అన్నారు. ముద్రకి అనువాదం, అనువాదానికి ముద్ర! పాత ప్రేమికులు పడవలెక్కి సముద్రాలు దాటారంటారు. దాటితే దాటారు లెండి, సముద్రం వాళ్లను ముద్ర అడిగిందా?

బీమా కార్డు మీద వేయడానికి ఫొటో కావాలన్నారు. నవ్వితే తిప్పి పంపుతారేమోనని ఫోల్క్‌మార్ ఆమెను నవ్వొద్దన్నాడు. "ఎందుకు నవ్వొద్దు?" అంది. "నియమం ఉండొచ్చు" అన్నాడు. "ఉందా, ఉండొచ్చా?" అంది. సరిగ్గా అప్పుడే క్లిక్‌మంది. భార్యకు కోపం వస్తే మొహం ఎలా ఉంటుందో తెలిపే ప్రామాణికమైన ఫొటో అలా అతని చేతికొచ్చింది. ఎంతమంది భర్తలకు ఇలాంటి ముందస్తు హెచ్చరిక దొరుకుతుంది చెప్పండి!

ఇక పంటి సంగతి. తమ్తాకి జ్ఞానదంతం వాచింది. కుడిచెంప బన్నులా పొంగింది. కార్డు చేతికొస్తే తప్ప పంటి డాక్టరు దగ్గరికి వెళ్లనని భీష్మించుకు కూర్చుంది. డబ్బిచ్చి చూపించుకోమని ఫోల్క్‌మార్ చెప్పాడు. "నేను ఈ ఊరికి చూసిపోవడానికి వచ్చిన దాన్నా, డబ్బిచ్చి చూపించుకోడానికి?" అంది. అప్పటినుంచి పుట్టింటినుంచి తెచ్చిన ద్రాక్షసారాతో రోజూ పుక్కిలిస్తోంది. మొదట్లో ఉమ్మేసేది. ఈమధ్య మింగేస్తోంది. పాటలు కూడా పాడుతోంది. కార్డు రాకపోవడం వల్ల ఇల్లు ఇంత సంగీతమయం అయిందని ఎవరైనా బీమావాళ్లకి కృతజ్ఞతలు చెప్పారా?

పిల్లనగ్రోవి ఆగింది.

"హెస్సెల్‌బార్ట్ గారా? నేను ఊలిగ్‌ని. ఆఁ, మీ ఫైలు నా ముందే ఉంది. మీ ఆవిడ కార్డు పంపామండీ. రెండుసార్లు పంపాం. రెండుసార్లూ తిరిగొచ్చింది."

"తిరిగిరావడమేంటండీ?"

"అలాంటి మనిషి ఆ ఇంట్లో లేదని రాసి పంపారు పోస్టువాళ్లు."

"లేకపోవడమేంటి! ఇప్పుడే పక్కగదిలో పుక్కిలిస్తోంది! వినండి కావాలంటే!" అని ఫోను గోడవైపు పెట్టాడు.

"వినబడుతోందండీ. బాగానే పాడుతున్నారు. కానీ పోస్టమ్మ చెవులతో ఉత్తరాలు పంచదు కదా. తలుపు మీద, పోస్టుడబ్బా మీద ఆవిడ పేరుందా?"

ఫోల్క్‌మార్ ఒక క్షణం కిటికీలోంచి బయటికి చూశాడు. చూడదగ్గదేమీ లేదు అక్కడ.

"పేరు పలకకి ఆర్డరిచ్చాం" అన్నాడు.

"పోనీ, 'హెస్సెల్‌బార్ట్ గారింట్లో ఉంటున్న ఫలానా' అని రాసి పంపమంటే అలా పంపేవాళ్లం. గది అద్దెకి తీసుకున్నవాళ్లకి అలానే రాస్తాం. భార్యకి రాయమని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకోండి." ఊలిగ్ గారి గొంతులో వెటకారమేమీ లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "మూడోసారి పంపేశామండీ. రేపు పొద్దుటి పోస్టులో వస్తుంది. అదీ తిరిగొస్తే ఆవిడ అక్కడ ఉండటం లేదని ఫైలు మూసేస్తాం. మళ్లీ పెళ్లి సర్టిఫికెట్ దగ్గర్నుంచి మొదలెట్టాలి. ఇంకేమైనా సందేహాలున్నాయా?"

సందేహాలు! అతనికి సందేహాలు తప్ప ఇంకేమున్నాయి?

అతని తప్పేమీ లేదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఆ భవనంలో పోస్టుడబ్బాల మీద పేర్లన్నీ ఇత్తడి పలకల మీద, ఒకే పరిమాణంలో, ఒకే వాటంలో చెక్కి ఉంటాయి. తాముంటున్న కాసెల్ నగరం మొత్తంలో అంత సొగసైన వరస లేదని అతని నమ్మకం. నగర సర్వే ఆఫీసులో మ్యాపులు గీసేవాడు కదా, ఏ కుళాయి ఎక్కడుందో, ఏ చెట్టు ఏ మూల నిలబడిందో గుర్తు పెట్టనిదే నిద్రపట్టదు. ఈ పలకల నియమం అద్దెదారుల మీటింగులో పట్టుబట్టి తీర్మానం చేయించింది కూడా అతనే. కాకపోతే వాచ్‌మన్ ఒక్క పలక కోసం చెక్కేవాడి దగ్గరికి వెళ్లడు. ఇంకో రెండు జమ కావాలంటాడు. అంటే భవనంలో ఎవరైనా పెళ్లి చేసుకోవాలి, లేదా ఎవరైనా పోయి వాళ్ల వాటాలోకి ఇంకొకరు దిగాలి.

రెండో అంతస్తు ముసలాయన దగ్గు పెరిగింది. ఫోల్క్‌మార్ ఏమీ కోరుకోలేదు. గమనించాడంతే.

మరి అంతవరకు ఒక కాగితమ్ముక్క అంటించొచ్చు కదా అంటారా? అయ్యో! కిందటేడు మూడో అంతస్తులో ఉండే పాగెల్ గారనే ఆవిడ తన డబ్బాకి కాగితం రాసి టేపుతో అంటిస్తే, "ఒక మూల లేచి ఉన్నందున భవనం గౌరవానికి భంగం" అని యాజమాన్యానికి ఫిర్యాదు చేసిందెవరు? ఆ ఫిర్యాదును గోడ మీద అంటించినప్పుడు నాలుగు మూలలా పిన్నులు గుచ్చిందెవరు? అలాంటి మనిషి తనే టేపు పట్టుకుని దిగితే నాగరికత నిలబడుతుందా?

తమ్తా వంటింట్లోకి వచ్చింది. చెంపకి బఠానీల పొట్లం అదిమిపెట్టుకుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పొట్లమది. దవడ కదపకుండా మాట్లాడుతోంది.

"ఏమన్నారు?"

"నువ్వు లేవన్నారు."

"ఎక్కడ లేను?"

"ఇక్కడ."

తమ్తా స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ పోస్టమ్మ రోజూ నన్ను పలకరిస్తుంది. మొన్న పన్నెలా ఉందని అడిగింది. లవంగం పెట్టుకోమంది. అలా చెప్పి, నా కవరు తీసి, ఈవిడ ఇక్కడ లేదని రాసిందన్నమాట."

"ఆమె నియమం ఆమెది."

"ఒక కాగితం అంటించు ఫోల్క్‌మార్."

"కాగితమా?"

"ఎందుకంత అదిరిపడతావు? నీకు కాగితం నచ్చలేదా, నేను నచ్చలేదా?"

"పలక వస్తుంది."

"ఎప్పుడు? పైన తాతయ్య పోయాకా? నిన్న ఆయనకి సూపు తీసుకెళ్లాను. తెల్లారేసరికి లేచి కూర్చున్నాడు. కనీసం చలికాలం దాకా చావడు."

ఫోల్క్‌మార్ ఆ వార్తకు మొహం ఎలా పెట్టాలో తెలియక నీళ్లు తాగాడు.

"కుటాయిసిలో మా బాబాయి పళ్ల డాక్టరు" అంది తమ్తా, నింపాదిగా. "పేరడగడు, కార్డడగడు. నోరు తెరువంటాడు. ఎల్లుండి బస్సుంది. కవరు రేపు కూడా వెనక్కి పోతే ఎక్కేస్తాను."

"పన్ను పీకించుకుని వచ్చేస్తావుగా?"

"పీకించుకోవడం వరకు మాటిస్తాను."

లేచి వెళ్లిపోయింది. కాసేపటికి పక్కగదిలో పుక్కిలింత మొదలైంది. ఈసారి పాట లేదు.

ఫోల్క్‌మార్ కూర్చునే ఉన్నాడు. మనసు చిత్రమైన జంతువు. నిజం ఎదురుగా నిలబడితే, దాని చెప్పులు బాగున్నాయా లేదా అని చూస్తుంది. కార్డు పోస్టులోనే ఎందుకు పంపాలి? పోస్టమ్మకు కళ్లుండీ ఎందుకు వాడదు? చెక్కేవాడికి ఒక్క పలక చేస్తే వేళ్లు అరుగుతాయా? అందరి మీదా అతనికి కోపం వచ్చింది. వచ్చిన కోపాలన్నీ ఊరంతా తిరిగి తిరిగి, కింద నడవలోని తన పోస్టుడబ్బా దగ్గరికే వచ్చి నిలబడ్డాయి.

ఆ డబ్బా మీద, అతని పేరు కింద, రెండు మరమేకుల కన్నాలుండేవి. అక్కడ మొదటి భార్య గుడ్రున్ పేరుండేది. గుడ్రున్ వెళ్లిపోయి ఏళ్లయింది. పలక ఊడదీసి, కన్నాల్లో పుట్టీ కూరి, సరిగ్గా కలిసేలా రంగు వేశాడు. పని శుభ్రంగానే చేశాడు. ఒక్క పొద్దుటి ఎండ పడినప్పుడే ఆ రెండు చోట్లా బొడిపెలు కనిపిస్తాయి. అతను రోజూ పొద్దున్నే, ఎండ అక్కడ పడే వేళకి, ఉత్తరాలున్నాయేమో చూసే మిషతో దాని ముందు నిలబడతాడు. ఇత్తడి మీద చెక్కిన పేరును తీసేయడం ఎంత కష్టమో ఆ భవనంలో అతనికొక్కడికే తెలుసు.

అలాంటప్పుడు పలక ఆలస్యమవుతుంటే హాయిగా ఉండదూ? బీమావాళ్లు ఇంకో ముద్ర అడిగితే లోపల ఎవరో హమ్మయ్య అనుకోరూ?

మర్నాడు పొద్దున, పోస్టమ్మ రావడానికి ముందే, ఫోల్క్‌మార్ మెట్లు దిగాడు. ఒక చేతిలో టేపు. ఇంకో చేతిలో దళసరి కాగితం ముక్క. మ్యాపుల మీద నదుల పేర్లు రాసే కలంతో, నదుల పేర్లు రాసే అక్షరాలతో తమ్తా లోమ్తతీద్జె అని రాశాడు. కాసెల్ మ్యాపులో అంత పొడుగు నది ఏదీ లేదు.

నడవలో పాగెల్ గారు తన డబ్బా తెరుస్తోంది. అతని చేతిలో ఉన్నది చూసింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది.

"టేపా? హెస్సెల్‌బార్ట్ గారూ, మీరేనా?"

"తాత్కాలికం."

"నాదీ తాత్కాలికమేనండీ. నా మీద ఫిర్యాదు గోడకెక్కించారు."

"పరిస్థితులు వేరు" అన్నాడు ఫోల్క్‌మార్. కాగితాన్ని తన పేరు కింద ఆనించాడు. నగరమంతటినీ వంకర లేకుండా గీసినవాడు మొదటిసారి వంకరగా అంటించాడు. తీసి మళ్లీ అంటించాడు.

పాగెల్ గారు వెనక నిలబడి తాపీగా చూస్తోంది. ఏడాదిగా ఎదురుచూసిన ప్రదర్శన మరి!

"ఏం పేరండీ అది? చదవడానికే పూట పట్టేలా ఉంది."

"మా ఆవిడ పేరు."

"ఓహో, ఆవిడ మీ ఆవిడా? వచ్చిన దగ్గర్నుంచి మెట్ల మీద కనిపిస్తోంది. పేరు ఎక్కడా లేదు కదా, పనిమనిషేమో, అడగడమెందుకులే అని ఊరుకున్నాను." ఆవిడ ముందుకు వంగింది. "అయ్యా, మూల లేచింది."

నిజంగానే లేచింది. కుడివైపు కింది మూల. సరిగ్గా పుట్టీ బొడిపె మీద.

వీధి తలుపు బయట పోస్టమ్మ బండి బ్రేకు కిరుమంది. ఫోల్క్‌మార్ బొటనవేలు ఆ మూల మీద పెట్టి నొక్కి పట్టుకున్నాడు. పోస్టమ్మ లోపలికి వచ్చింది. కవరు బయటికి తీసింది. డబ్బా మీది పేరు చదివింది. తర్వాత అతని మొహం వైపు చూసింది.

"వేలు తీయండి సార్, కవరు వేస్తాను" అంది.

"అలా వేసేయండి" అన్నాడు ఫోల్క్‌మార్. వేలు మాత్రం తీయలేదు.