పాడని కెప్టెన్‌కు ఒక వన్స్ మోర్

పాడేవాళ్ళు లేని సంగీత నాటకమే అసలైన సంగీత నాటకం. ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. కాదనేవాళ్ళు గత నెల మన నిజామాబాద్‌లో ఆడిన ‘ఒంటికన్ను కెప్టెన్ – ద మ్యూజికల్’ చూడనివాళ్ళై ఉండాలి. లేదా చూసి కూడా అసూయతో మాట్లాడేవాళ్ళై ఉండాలి!

చూడనివారి కోసం రెండు ముక్కలు. ఏడు సముద్రాలను గడగడలాడించిన ఓడ దొంగ కథ ఇది. అతను అసలు పుట్టాడో లేదో ఎవరికీ తెలియదు గానీ, దోచిన ఓడల గురించి మాత్రం బోలెడు కథలున్నాయట. హైదరాబాద్ నుంచి వచ్చిన బ్లూ యాంకర్ ఈవెంట్స్ వాళ్ళు ఆ కథను పాటలతో, పొగతో, ఫిరంగులతో సహా బైపాస్ రోడ్డు పక్కనున్న కన్వెన్షన్ హాల్లో దింపారు. మనకు సముద్రం లేదు కదా అని కొందరు నసిగారు. సముద్రం లేని ఊరికి కాక, ఉన్న ఊరికి వెళితే తప్పులు పట్టరా?

నాకు ప్రెస్ కోటాలో ముందు వరస సీటు ఇచ్చారు. సమోసా కూడా పెట్టారు. కాబట్టి పూర్తి నిష్పక్షపాతంగా రాస్తున్నాను.

స్టేజీ మీద సముద్రం అంటే ఈ చివర నుంచి ఆ చివరకు పరిచిన నీలం బట్ట. నీలం దుస్తులు, నీలం ముసుగులు వేసుకున్న మనుషులు అంచుల్లో కూర్చుని దాన్ని ఊపుతుంటే అలలు వస్తాయి. నా వెనక వరసలో వర్ని నుంచి వచ్చిన ఒక అవ్వ ఆ అలలను చూసి ఊరుకోలేకపోయింది.

“గిన్ని నీళ్ళు ఈడ వెట్టుకొని, మా ఆఖరి మడికి ఒక్క తడి ఇయ్యకపాయిరి!”

కళాహృదయం లేని మాట. నేను వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాను. ఆమె నాకు వేయించిన పల్లీలు ఇచ్చింది.

ఇక పాటల విషయానికి వద్దాం. కెప్టెన్ పళ్ళ మధ్య కత్తి కరచిపట్టుకుని తెరచాప కొయ్య ఎక్కుతూ పాట పాడాడు. నోట్లో కత్తి ఉంది, పాటలో ఒక్క అక్షరం నలగలేదు! సీసా ఎత్తి గటగటా తాగుతూ ఇంకో పాట పాడాడు. గుటక గుటకే, పాట పాటే! తాడుకు తలకిందులుగా వేలాడుతూ పాడిన మూడో పాటలో అతని పెదవులు కదలనే లేదు. గడ్డం మాత్రం ఫ్యాన్ గాలికి కదిలింది. ఇలాంటి గాత్రం మన ప్రాంతంలో ఎవరికైనా ఉందా?

ఎందుకుంటుంది! పాటలన్నీ ముందే రికార్డు చేసి లాప్‌టాప్‌లో పెట్టారు. నటులు నోరు తెరిస్తే చాలు. తెరవకపోయినా నష్టం లేదు.

మన పాత స్టేజీ నటుల పాట్లు గుర్తు తెచ్చుకోండి. ఆట ఉందంటే వారం ముందు నుంచి మిరియాల పాలు. చల్లటి నీళ్ళు ముట్టరు. శ్రుతి దగ్గర హార్మోనియం ఆయనతో పోట్లాట. ఇంతా చేసి పద్యం ఎత్తుకుంటే మెడ నరాలు ఉబ్బేవి, చెమటకు రంగు కారి కిరీటం జారేది. ఎందుకండీ ఆ హింస? మనిషి గొంతు అన్నాక జలుబు చేస్తుంది, వణుకుతుంది, ఏడుపొస్తే పూడుకుపోతుంది. ట్రాక్‌కు ఈ రోగాలు లేవు.

పైగా మన జనానికి ఒక దురలవాటు. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. అరిస్తే నటుడు మళ్ళీ పాడాల్సిందే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో, చెరకు ఆడే కాలంలో కాలనీలో నాటకాలు వేసేవారు. అందులో రాజు వేషాలు కట్టిన బాపురావు నా పక్క సీటులోనే కూర్చున్నాడు. యుద్ధంలో పద్యం పాడుతూ చచ్చిపడిన రాజు కూడా, జనం అడిగితే లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. అది మర్యాద.

“ఒక్క ఆటల మూడుసార్లు సచ్చిన నేను,” అంటాడు బాపురావు ఇప్పటికీ ఛాతీ విరుచుకుని.

చావును ఇంత చులకన చేసిన ఊరు ఇంకెక్కడైనా ఉందా? ట్రాక్ వచ్చాక ఈ బాధ తప్పింది. లైట్లు, పొగ, ఫిరంగి, తెర అన్నీ ఆ లాప్‌టాప్‌కే కట్టి ఉంటాయి. ఒకసారి చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు.

ఇంత చక్కటి పద్ధతిని ఒక్క నాటకానికే పరిమితం చేయడం అన్యాయం. ఇందల్వాయిలో రైతులు రోడ్డు మీద కూర్చుని నినాదాలిస్తూ ఎండకు మాడిపోవడం దేనికి? నినాదాలు స్పీకర్లో పెట్టి ఇంటికి పోవచ్చు. వాళ్ళకిచ్చే హామీలు ఎలాగూ పాత రికార్డే కనుక, స్పీకర్లు రెండూ ఎదురెదురుగా పెడితే సమస్య పరిష్కారమైనట్టే! బోధన్‌లో ఫ్యాక్టరీ తెరవమని ఎందుకు అడుగుతారు? పొద్దున్నే షిఫ్టు సైరన్ ఒక్కటి వేస్తే చాలదా? పెళ్ళికూతురు ఏడుపు, టీచర్ పాఠం, పెద్దమనుషుల పంచాయితీ, అన్నీ ట్రాక్ మీద నడిపితే ఎవరి గొంతూ పోదు.

అయితే గిట్టనివాళ్ళు కొందరు హెప్సిబా పేరు ఎత్తుతున్నారు. ఎత్తనివ్వండి! దానికీ జవాబు చెబుతాను.

హెప్సిబా బోధన్ అమ్మాయి. బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడత పెట్టే పని. ఆదివారం మెథడిస్ట్ చర్చిలో పాడుతుంది. డిసెంబర్ చలిలో ఇంటింటికీ వచ్చే పాటల గుంపులో ఆమె గొంతు వీధి మలుపులోనే తెలిసిపోతుంది. ఎవరింట్లో మనిషి పోయినా సమాధి దగ్గర ఆమె పాడితే గానీ మట్టి వేయరు. అలా ఆ గొంతు బోధన్, రెంజల్ నుంచి నిజామాబాద్ దాకా అందరికీ తెలుసు.

బ్లూ యాంకర్ వాళ్ళు ‘లోకల్ టాలెంట్‌కు గోల్డెన్ చాన్స్’ అని బోధన్‌లో బ్యానర్ కట్టి, బెలూన్లు ఎగరేసి పాటలు పాడించారు. క్రియేటివ్ డైరెక్టర్ భానుప్రసాద్ గారు హెప్సిబా పాట విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. “హీరోయిన్ పాటలన్నీ నీవేనమ్మా” అన్నారట. పెద్ద బజార్‌లో మైక్ సెట్ దుకాణం నడిపే అయాజ్ వెనక గదిలో నాలుగు పాటలూ రికార్డు చేశారు. ఇదంతా నాకు అయాజే చెప్పాడు.

ఆ తర్వాత ముంబయి నుంచి ‘స్టేజ్ ప్రెజెన్స్’ ఉన్న హీరోయిన్ వచ్చింది. పాటలు హెప్సిబావే. పెదవులు ముంబయివి. మరి హెప్సిబాను వదిలేశారా? లేదండీ! సముద్రం అంచు పట్టుకునే వేషం ఇచ్చారు.

“షాపులో రోజూ బట్టలు పట్టుకుంటావు కదమ్మా, నీకు నేచురల్‌గా వచ్చేస్తుంది” అని భానుప్రసాద్ గారు ఓదార్చారట. ప్రతిభను గుర్తించడమంటే ఇదీ! ఇలా గుర్తించినవాణ్ణి ఏం చేయాలో పత్రికలో రాయలేను.

ఆ అమ్మాయి చేసిన తప్పల్లా ఈ సంగతి ఇంట్లో చెప్పకపోవడం. ఎలా చెబుతుంది? రైస్ మిల్లులో హమాలీ పని చేసే వాళ్ళ నాయన పాల్ రాజ్ అప్పటికే గల్లీ అంతా చాటింపు వేశాడు. రెంజల్ నుంచి చుట్టాలను పిలిపించాడు. అందరూ డీసీఎం వ్యాన్‌లో వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. పాల్ రాజ్ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, స్టేజీ మీదికి ఆడమనిషి ఎవరొచ్చినా సగం లేచి చూస్తున్నాడు.

చివర్లో అసలు పాట వచ్చింది. కెప్టెన్‌ను చంపడానికి రాజుగారి ఓడలు చుట్టుముట్టాయి. ఒడ్డున హీరోయిన్ చేతులు చాచి నిలబడింది. స్పీకర్లలో పాట మొదలైంది.

హాల్లో పాప్‌కార్న్ చప్పుడు ఆగిపోయింది. ఆ గొంతు మాకు తెలుసు. మా ఇంటి గుమ్మంలో పాడిన గొంతు, మా వాళ్ళను మట్టిలో పెట్టినప్పుడు పాడిన గొంతు. నిజం చెప్పాలంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సమోసాలో పచ్చిమిరపకాయ అని పక్కవాళ్ళకు చెప్పాను.

పాట అయిపోయింది. ఫిరంగి పేలింది. కెప్టెన్ పడి చచ్చాడు. హీరోయిన్ బట్టలు మార్చుకోవడానికి లోపలికి పరుగెత్తింది. ఆ నిశ్శబ్దంలో వెనక వరస నుంచి పాల్ రాజ్ గొంతు హాలంతా వినపడింది.

“గది మా హెప్సి గొంతు! మరి మా పొల్ల ఏది?”

అప్పుడు నా పక్కన బాపురావు లేచాడు.

“వన్స్ మోర్!”

అంతే. హాలు లేచింది. వర్ని అవ్వ కూడా లేచింది. ప్రెస్ సీటులో కూర్చున్నవాడు అరవకూడదని నాకు తెలుసు. “వన్స్ మోర్ బిడ్డా!” అని అరిచాను.

సౌండ్ చూస్తున్న అయాజ్ దగ్గరికి భానుప్రసాద్ గారు పరుగెత్తుకొచ్చారు. ఆ టేబుల్ నా సీటు పక్కనే.

“ఆపకు! షో మొత్తం టైమ్‌లైన్ మీద రన్ అవుతోంది. నెక్స్ట్ సీన్ వెయ్!”

“సార్, గీళ్ళు ఇనరు. గీ ఊరోళ్ళు మళ్ళ పాడిందాక కూసోరు,” అన్నాడు అయాజ్.

“చచ్చిపోయాడయ్యా హీరో!”

“సస్తే ఏమాయె?” అన్నాడు బాపురావు. “మా దగ్గర లేస్తలేరా? గీ దొంగకేం రోగం!”

అయాజ్ ఒకసారి వెనక వరసల వైపు చూశాడు. తర్వాత పాటను మొదటికి తిప్పాడు.

లాప్‌టాప్ వెనక్కి వెళ్ళింది గానీ మనుషులు ఎలా వెళతారు? వెన్నెల లైట్లు వచ్చాయి. పొగ వచ్చింది. పాట మొదలైంది. హీరోయిన్ లేదు! చచ్చిన కెప్టెన్ ఉన్న ఒక్క కన్నూ తెరిచి పక్కకు చూసి, ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి మళ్ళీ చచ్చాడు. స్టేజీ మీద ఒక శవం, ఒక సముద్రం, పాడే నోరు లేని పాట.

అప్పుడు సముద్రం అంచున ఒక మనిషి లేచి నిలబడింది. ఒక చేత్తో బట్ట పట్టుకునే, రెండో చేత్తో ముసుగు వెనక్కి తీసింది. హెప్సిబా!

నోరు తెరిచి పాడింది. అయాజ్ స్పీకర్ల సౌండ్ మెల్లగా తగ్గించేశాడు. మైకు లేదు. మధ్యలో గొంతు వణికింది, ఒక చోట పూడుకుపోయింది, ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. ట్రాక్‌లో లేని తప్పులన్నీ చేసింది. సముద్రాన్ని మాత్రం చేతిలోంచి వదల్లేదు.

పాల్ రాజ్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. “గదే మా పొల్ల! గదే!” అని అరుస్తూనే ఉన్నాడు.

ఇంత రసాభాస జరిగాక ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? హెప్సిబాను మర్నాడే తీసేశారు. అయాజ్‌ను కూడా. ట్రాక్‌ను మాత్రం తీసేయలేదు. నాటకం పక్క జిల్లాకు వెళ్ళింది. పోస్టర్ మీద కెప్టెన్ పేరుంది, హీరోయిన్ పేరుంది, పొగ మిషన్ అద్దెకిచ్చినవాళ్ళ పేరు కూడా ఉంది. పాడినవాళ్ళ పేరు లేదు.

మొన్న అయాజ్ దుకాణానికి వెళితే ఫోన్లో ఆ ఆట రీల్ చూపించాడు. అదే పాట, అవే ముంబయి పెదవులు. పాట అయిపోగానే “వన్స్ మోర్! వన్స్ మోర్!” అని హాలు దద్దరిల్లింది. హీరోయిన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి నమస్కరించింది.

నేను సంతోషించబోయాను. పక్క జిల్లావాళ్ళకూ మన మర్యాద అబ్బింది కదా!

“జర గౌర్‌గ ఇనుండ్రి సాబ్,” అన్నాడు అయాజ్.

విన్నాను. రీల్‌లో కుర్చీల్లో జనం చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎవరి నోరూ కదలడం లేదు. అరుపుల మధ్య ఒక గొంతు స్పష్టంగా “వన్స్ మోర్ బిడ్డా!” అంది.

అది నా గొంతు. మా అరుపులు కూడా రికార్డు చేసి ట్రాక్‌లో కలిపేశారు! పాల్ రాజ్ “మా పొల్ల” అన్న మాట మాత్రం జాగ్రత్తగా కత్తిరించారు.

అయ్యా భానుప్రసాద్ గారూ, ఒంటికన్ను కెప్టెన్ మీకంటే మర్యాదస్తుడు. దోచుకునే ముందు నల్లజెండా ఎగరేసేవాడు. మీరు బెలూన్లు ఎగరేశారు.

నా అరుపు మీరే ఉంచుకోండి, దానికి నా పేరు వేయనక్కర్లేదు. ఆ నాలుగు పాటల కింద మాత్రం ఒక పేరు వేయండి. హెప్సిబా, పాల్ రాజ్ బిడ్డ, బోధన్.

వినపడలేదా? పర్వాలేదు, మా ఊళ్ళో మళ్ళీ చెప్పడం మర్యాదే.

హెప్సిబా.