బండెక్కిన తలుపు

రిస్పా ఆ రోజుకి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి. పాత ఇంటికి వెళ్ళి, దాని యజమాని ఒగుటు దగ్గర డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. ఆ డబ్బు తెచ్చి కొత్త గది యజమానురాలి చేతిలో పెట్టి, మధ్యాహ్నానికల్లా కుట్టుమిషను ముందు కూర్చోవాలి. సోమవారం బడులు తెరుస్తారు. పిల్లలకి యూనిఫారాలు కావాలన్న సంగతి కిసుము ఊళ్ళో తల్లిదండ్రులకి సరిగ్గా ఆ వారంలోనే గుర్తొస్తుంది. దర్జీ అన్నవాడు నాలుగు రాళ్ళు వెనకేసుకునేది కూడా ఆ వారంలోనే. కొత్త గదేమో బజారు రోడ్డు మీదే ఉంది, దాని మీద కన్నేసిన దర్జీ ఇంకొకడున్నాడు. "సాయంత్రం దాకా ఆగుతాను రిస్పా. ఆ తర్వాత నన్ననుకోకు," అని యజమానురాలు ముందే చెప్పేసింది. మిషను ఆవిడ వరండాలో దుప్పటి కప్పుకుని ఎదురుచూస్తోంది.

ఒగుటుకి న్యాలెండా పేటలో ఒక వాకిలి చుట్టూ వరసగా రేకుల గదులున్నాయి. పక్క వీధిలో ఇంకొన్ని కడుతున్నాడు. అద్దెకి దిగేటప్పుడు "రా అమ్మా" అంటాడు, ఖాళీ చేసేటప్పుడు "ఎవరమ్మా?" అంటాడు. రిస్పా వెళ్ళేసరికి చూరు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"గోడలకి రంగు, కొళాయి, తలుపు. అన్నీ పోగా నువ్వే నాకు కొంచెం ఇవ్వాలి. పోనీలే, వదిలేస్తున్నా," అన్నాడు, దానం చేస్తున్నవాడిలా.

"రంగు నేనొచ్చినప్పుడే లేదు. కొళాయి నేను రాకముందు నుంచే ఏడుస్తోంది. తలుపుకేమొచ్చింది?"

"కింద మూల చూళ్ళేదా? ఎలుక కొరికేసింది. కొత్త తలుపు ఖరీదు పట్టుకున్నా."

"ఎలుక నీది, తలుపు నీది, మధ్యలో డబ్బు నాదా? సరే, కొత్త తలుపు వేయించావా?"

"తొందరేముంది? నిన్న మన ఒమోలో మేష్టారు ఆ గదిలో దిగారు. ఆయనకి పాతదే బాగుందట."

రిస్పాకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే నా దగ్గర కొత్తదాని ఖరీదు పట్టుకుని, పాతదాన్ని మళ్ళీ అద్దెకిచ్చావన్నమాట. ఖరీదు కట్టింది నేనైతే ఆ తలుపు ఎవరిది?"

వాకిట్లో బట్టలుతుకుతున్న వాళ్ళు చేతులాపి చెవులు ఇటు పెట్టారు. వినేవాళ్ళుంటే ఒగుటుకి ఎక్కడలేని హుషారూ వస్తుంది. "నీదే తల్లీ, నీదే! నెత్తిన పెట్టుకుని ఊరేగు!" అన్నాడు. వాకిలంతా నవ్వింది.

"అందరూ విన్నారుగా?" అంది రిస్పా. విన్నామన్నారు.

ఒగుటు కొత్త గదుల పని చూసుకోవడానికి అటు వెళ్ళాడో లేదో, రిస్పా ఇటు తోపుడుబండి నడిపే ఒకెల్లో అనే అతన్ని వెంటబెట్టుకొచ్చింది. ఒకెల్లో మేకులు పీకడంలోనూ, నోరు దాచుకోకపోవడంలోనూ ఆ పేటకంతా పేరున్న మనిషి.

ఒమోలో మేష్టారు రిటైరైన బడిపంతులు. బజారులో చేపలూ కూరగాయలూ అమ్మే ఆడవాళ్ళు ఒక పొదుపు సంఘం పెట్టుకుని, డబ్బుల పెట్టె ఆయన చేతికిచ్చారు. దారిలో బొత్తాం దొరికినా ఎవరిదని ఇల్లిల్లూ తిరిగే మనిషి ఆయన. తలుపు ఊడదీస్తుంటే ఆయనే ఎదురొచ్చారు.

"తలుపు తీసుకెళ్ళడానికొచ్చాం మేష్టారూ," అంది రిస్పా.

"అప్పుడేనా! కింద సందులోంచి గాలి కొడుతోంది, కొత్తది వేయించమని నిన్న ఒక్క మాటన్నాను, అంతే. ఒగుటుది ఎంత మంచి మనసమ్మా!" అంటూ ఆయన తలుపు కింది అంచు పట్టుకుని సాయం చేశారు. "జాగ్రత్త, కాలి మీద పడుతుంది."

రిస్పాకి మనసు చివుక్కుమంది. "కొత్తదాని సంగతి ఒగుటుని గట్టిగా అడగండి మేష్టారూ," అంది.

"అడగడమెందుకు, వచ్చేస్తుందిగా," అని ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు తెరిచారు.

తలుపు బజారులోకి వచ్చింది. కిసుములో తలుపు బండెక్కిందంటే దానికి ఒక్కటే అర్థం. అద్దె బాకీ. ఇంటి యజమానులు కోర్టులకీ పోలీసులకీ తిరగరు, తలుపు ఊడదీసుకుపోతారు. రెండు రాత్రులు గడిస్తే అద్దె దానంతటదే నడిచొస్తుంది. ఒమేనా అనే చిట్టిచేపలమ్మే అపియో వాళ్ళమ్మ బండిని చూడగానే లేచి నిలబడింది.

"ఎవరి తలుపురా అది?"

"ఒమోలో మేష్టారి గదిది," అన్నాడు ఒకెల్లో. అబద్ధమాడే మనిషి కాడు.

"అయ్యో, నిన్ననేగా దిగారు! అప్పుడే బాకీనా?"

"బాకీ కాదు వదినా, ఈ తలుపు నాది," అంది రిస్పా. "కొనుక్కున్నాను."

"ఎవరి దగ్గర?"

"ఒగుటు దగ్గర."

"ఎందుకూ?"

"కొనాలనుకోలేదు."

అపియో వాళ్ళమ్మ ఆమె భుజం మీద చెయ్యేసింది. "మేష్టారి పరువు కాపాడాలని చూస్తున్నావు. మంచిదానివే. కానీ అద్దె కట్టలేని మనిషి దగ్గర మా డబ్బుందే తల్లీ!" అని చేపల మీద గోనెపట్టా కప్పి, కొంగు బిగించి బయల్దేరింది.

ఆ మాట బండి కంటే ముందు నడిచింది. చేపల దగ్గర మేష్టారు అద్దె కట్టలేదు. టమాటాల దగ్గరికి వచ్చేసరికి పెట్టె ఖాళీ. బొగ్గుల కొట్టు దాటేసరికి మేష్టారు ఉగాండా బస్సెక్కేశారు. ఆ సమయంలో మేష్టారు గుమ్మంలో కూర్చుని వాతావరణ వార్తలు చదువుకుంటున్నారు.

రిస్పా తలుపు అమ్మేద్దామని పాత కలప కొట్టుకి వెళ్ళింది. కొట్టువాడు తలుపు చుట్టూ ఒకసారి తిరిగాడు. "మేష్టారి తలుపేగా? బాకీ తలుపు నా కొట్లో పెట్టనమ్మా, అచ్చిరాదు," అన్నాడు. అక్కణ్ణుంచి కొత్త గదికి వెళ్ళింది.

"డిపాజిట్ బదులు ఈ తలుపుంచుకుంటారా అక్కా?"

"నాకు తలుపుంది రిస్పా. లేనిది డబ్బు," అంది యజమానురాలు. లోపల ఆ రెండో దర్జీ టేపుతో గది కొలుస్తున్నాడు.

రిస్పాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాదంతా ఎదురుచూసిన వారం కళ్ళముందే ఇంకొకడి టేపులోకి పోతోంది. వరండాలో మిషను వైపు చూసింది. ముక్కు ఎగబీల్చి, "బండి తిప్పు ఒకెల్లో. వాడి గుమ్మంలోనే తేల్చుకుంటా," అంది.

ఒగుటు వాకిట్లో అప్పటికే బజారు సగం దిగింది. బుట్టలతో, తక్కెళ్ళతో, చంకన పిల్లలతో వచ్చినవాళ్ళంతా మా డబ్బు మాకివ్వమంటున్నారు. ఏం జరిగిందో మేష్టారికి అర్థం కాలేదు, కానీ డబ్బడిగితే ఇవ్వడమే ఆయనకి తెలుసు. "వరసలో రండమ్మా, తోసుకోకండి," అంటూ పెట్టె తెరిచి ఒక్కొక్కరికీ ఇచ్చారు. సగం వరస ఉండగానే పెట్టె అడుగు కనిపించింది.

"చూశారా, నిప్పు లేనిదే పొగ రాదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మేష్టారు పెట్టె వాళ్ళ వైపు తిప్పారు. "మిగిలింది అప్పుగా ఇచ్చాం కదమ్మా. మీరంతా చేతులెత్తి ఒప్పుకున్నదే. ఒగుటు కొత్త గదుల రేకులకి."

గోల విని సరిగ్గా అప్పుడే వచ్చిన ఒగుటు మీదికి తలలన్నీ తిరిగాయి.

"అయితే మా డబ్బు ఇప్పుడే ఇక్కడ పెట్టు," అంది అపియో వాళ్ళమ్మ.

"ఇప్పుడంటే ఎలా? రేకులు కప్పేశాను!"

"విప్పుతాం. తలుపులు ఊడదియ్యడం మీ ఇంటి యజమానులకే వచ్చనుకున్నావా?"

"అసలు మేష్టారి మీద మీకీ అనుమానమేమిటి? అలాంటి మనిషి ఈ ఊళ్ళోనే లేడు!"

"అంత మంచి మనిషైతే అద్దె బాకీకి ఆయన తలుపెందుకు పీకావు?"

"నేనెక్కడ పీకాను?" అంటూ ఒగుటు వెనక్కి తిరిగాడు. వాకిట్లోకి బండి వచ్చింది. బండి మీద తలుపుంది, పక్కన రిస్పా ఉంది. "అదిగో దొంగ!" అన్నాడు.

"నీదే తల్లీ, ఊరేగు అన్నావు. ఊరేగాను," అంది రిస్పా. బట్టలుతికే వాళ్ళు అవునవునన్నారు.

"అది కాదు. మేష్టారు అద్దె కట్టారా, లేదా? అది చెప్పు," అంది అపియో వాళ్ళమ్మ.

ఒగుటుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కట్టలేదంటే అప్పు ఈ క్షణం తీర్చాలి. కట్టారంటే తలుపు సంగతి చెప్పాలి. తన కొత్త రేకులు తళతళలాడుతున్న వైపు ఒకసారి చూసుకున్నాడు.

"కట్టారు. ముందుగానే కట్టారు."

"మరి తలుపు?"

"తలుపు... రిస్పాది."

"గట్టిగా చెప్పు పెద్దాయనా, వెనకవాళ్ళకి వినబడాలి," అంది రిస్పా.

"తలుపు రిస్పాది! దాని ఖరీదు ఆమె డిపాజిట్లోంచి పట్టుకున్నాను! చాలా?"

ఆడవాళ్ళు మెత్తబడ్డారు. కొందరు మేష్టారికి క్షమాపణ కూడా చెప్పుకున్నారు. తీసుకున్న డబ్బు తిరిగి పెట్టెలో వేస్తామన్నారు. ఈసారి మేష్టారే ఒప్పుకోలేదు. "తలుపు లేని గదిలో మీ పెట్టె ఎలా ఉంచనమ్మా? ముందు తలుపు పెట్టించండి."

"రిస్పా, తలుపిచ్చెయ్," అన్నాడు ఒగుటు.

"ఇస్తాను. ఖరీదు నా డిపాజిట్ మొత్తం."

"తలుపు వరకూ అయితే ఆలోచిస్తా..."

"రంగూ కొళాయీ కూడా. విడిగా అమ్మను."

"ఎలుక కొరికిన తలుపుకి అంతా? ఇది దోపిడీ!"

"ఆ తలుపు అంత ఖరీదైందని పొద్దున్న నువ్వేగా చెప్పావు? నాకేం తెలుసు, నేను దర్జీని."

అపియో వాళ్ళమ్మ రేకుల వైపు చూసి కొంగు బిగించింది. ఒగుటు మింగలేక కక్కలేక ఫోను తీసి నొక్కాడు. రిస్పా ఫోను మోగింది. మొత్తం వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకుని, నిలబడ్డ చోటినుంచే కొత్త యజమానురాలికి పంపింది. "వచ్చేసెయ్. ఆ టేపువాణ్ణి పంపించేశాను," అని జవాబొచ్చింది. అప్పుడు ఏడ్చింది రిస్పా, ఎవరు చూసినా సరేననుకుని.

ఒకెల్లో తలుపుని గుమ్మానికి ఆనించాడు. మేష్టారు ఒక పక్క పట్టుకున్నారు. అపియో వాళ్ళమ్మ సాయానికి కింద కూర్చుని, మూల దగ్గర చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఉండండుండండి. ఈ ఎలుక కొరుకుడు నాకు తెలుసు. ఈ గదిలో మేమున్నప్పుడూ ఇది ఇలాగే ఉంది. ఖాళీ చేసినప్పుడు కొత్త తలుపు ఖరీదని మా డిపాజిట్లోంచి పట్టుకున్నాడు!"

"మీ దగ్గరా? మీకంటే ముందు మా దగ్గర పట్టుకున్నాడు!" అంది వరసలోంచి బొగ్గులావిడ. వెనకనుంచి ఇంకెవరో చెయ్యెత్తారు.

ఒగుటు తన ప్లాస్టిక్ కుర్చీ కోసం వెతికాడు. అందులో ఎవరో చంటిపిల్లని పడుకోబెట్టారు.

పొద్దుగూకేసరికి ఆ తలుపుకి ఇంకో ముగ్గురు యజమానులు తేలారు. వాళ్ళలో ఒగుటు లేడు.